లోకాంతం రాలేదు, చీటీ వాయిదా వచ్చింది

ప్రశ్న: 2011 మే 21న లోకం అంతమైపోతుందని అమెరికాలో చాలామంది నమ్మారట కదా. ఏమీ జరగలేదని కళ్లారా చూశాక కూడా వాళ్లలో కొందరు ఎందుకు మానలేదు? మా బాబాయి ఈమధ్య యూట్యూబ్‌లో ఒకాయన చెప్పే తేదీ పట్టుకుని కూర్చున్నాడు. ఇంట్లో ఏం మాట్లాడాలో తెలియడం లేదు.

జవాబు:

నేను రెండు లోకాంతాలు దాటి వచ్చినవాణ్ణి. మొదటిది నా పదిహేడో ఏట తెనాలి దగ్గర మా ఊళ్లో, రెండోది మీరు అడిగినదే, కాలిఫోర్నియాలో. మీరడిగింది ముందు చెప్తాను. కానీ మీ ప్రశ్నకి జవాబు నాకు దొరికింది మా ఊళ్లోనే.

2011లో నేను ఫ్రీమాంట్‌లో ఉండేవాణ్ణి. ఆఫీసు ఓక్లాండ్ వైపు. ఆ ఏడాది మొదట్నుంచీ దారి పొడుగునా హోర్డింగులు: జడ్జిమెంట్ డే (తీర్పు దినం), మే 21. పక్కనే బంగారు రంగు ముద్ర, అందులో బైబిల్ గ్యారంటీ ఇస్తోందని. ప్రెషర్ కుక్కర్‌కి ఇచ్చినట్టు గ్యారంటీ ఏంటని నవ్వుకునేవాణ్ణి. సాయంత్రం ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే రేడియోలో 610 ఏఎం పెట్టేవాణ్ణి. అది అప్పట్లో ఓక్లాండ్ కేంద్రంగా నడిచిన ఫ్యామిలీ రేడియో. ఆ తేదీ చెప్పింది దాని పెద్ద హెరాల్డ్ క్యాంపింగ్. ఆయనకి అప్పటికి 89 ఏళ్లు. జనం ఫోన్ చేసి బైబిల్ మీద ప్రశ్నలు అడుగుతారు, ఆయన జవాబు చెప్తాడు. కొందరు తిట్టేవాళ్లు కూడా. ఆయన గొంతు పెంచేవాడు కాదు. వ్యాకరణం మాస్టారిలా నిదానంగా మాట్లాడి, తర్వాతి కాల్ తీసుకునేవాడు. ఊగిపోయి అరిచే ప్రసంగాలు వింటూ పెరిగిన నాకు ఆ నెమ్మదే వింతగా ఉండేది.

ఆయన పాస్టర్ కాదు, బర్క్‌లీలో చదివిన సివిల్ ఇంజనీర్. అసలు ఆకర్షణ అక్కడే ఉందని నాకనిపిస్తుంది. ఆయన దర్శనం వచ్చిందనలేదు, లెక్క వేశానన్నాడు. నోవహు జలప్రళయం క్రీ.పూ. 4990లో వచ్చిందట. ప్రభువు దృష్టికి ఒక దినము వెయ్యి సంవత్సరముల వంటిది కాబట్టి, ప్రళయానికి ముందు దేవుడిచ్చిన ఏడు రోజుల గడువు అంటే ఏడు వేల ఏళ్లు కూడానట. మధ్యలో సున్నా సంవత్సరం లేదు కాబట్టి కూడితే 2011. ఇంకో లెక్క: యేసును సిలువ వేసింది క్రీ.శ. 33 ఏప్రిల్ 1 అనుకుంటే, అక్కడి నుంచి 2011 మే 21కి 7,22,500 రోజులు. 5ని 10తో, దాన్ని 17తో గుణించి, వచ్చినదాన్ని మళ్లీ దానితోనే గుణిస్తే సరిగ్గా అదే సంఖ్య. ఆయన పద్ధతిలో 5 అంటే ప్రాయశ్చిత్తం, 10 అంటే సంపూర్ణత, 17 అంటే పరలోకం.

ఒకరోజు లంచ్ టైములో నేనూ వేసి చూశాను. ఎక్సెల్ 1900కి ముందు తేదీలు తీసుకోదు కాబట్టి కాలిక్యులేటర్ మీద వేశాను. 1978 ఏళ్లని 365.2422తో గుణించి, ఏప్రిల్ 1 నుంచి మే 21 దాకా ఉన్న 51 రోజులు కలిపితే నిజంగానే వచ్చింది! ఒక్క క్షణం ఒళ్లు జలదరించిందని ఒప్పుకుంటాను. గుణకారంలో తప్పులేదు. 17 అంటే పరలోకమని ఎవరన్నారు, సిలువ తేదీ ఎవరు ఖాయం చేశారు అన్న ప్రశ్న మాత్రం ఆ గుణకారం చూస్తూ ఉన్నంతసేపు గుర్తు రాదు. మీ బాబాయిని తెలివితక్కువవాడు అనుకోకండి. లెక్కలొచ్చినవాళ్లే ఇందులో తొందరగా పడతారు.

ఆయన 1994 సెప్టెంబర్ అని ఒకసారి ముందే చెప్పి తప్పాడు. అప్పటి పుస్తకం పేరులో ప్రశ్నార్థకం పెట్టుకున్నాడు. 2011కి ఆ జాగ్రత్త కూడా వదిలేశాడు. ఇంకో సంగతి, చాలామంది పట్టించుకోనిది: సంఘాల కాలం 1988తోనే ముగిసింది, చర్చిలు వదిలి బయటకు రండి అని బోధించాడు. దాంతో విన్నవాడికి రేడియో తప్ప మిగిలిందేమీ లేదు. ఆదివారం పూట పక్క బెంచీలో కూర్చుని "అన్నా, ఇది సరైనదేనంటావా?" అని అడగడానికి మనిషే లేడు.

మే 21 శనివారం. ఒక్కో దేశంలో అక్కడి టైము సాయంత్రం ఆరింటికి భూకంపం మొదలై, పడమటికి దొర్లుకుంటూ రావాలి. మన దేశంలో ఆరైతే మాకు తెల్లవారి అయిదున్నర. అయిదూ నలభైకి అమ్మ ఫోను. "ఇక్కడ ఆరు దాటిందిరా నాన్నా, కరెంటు మాత్రం పోయింది," అంది. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత కాసేపు ఆగి, "పాపం, వాళ్లు రేపు ఎట్టా లేస్తారో," అంది. ఆ మాట అనగలిగే అర్హత మా అమ్మకుంది. ఎందుకో తర్వాత చెప్తాను.

న్యూయార్క్‌లో రాబర్ట్ ఫిట్జ్‌పాట్రిక్ అనే ఆయన, అక్కడి రవాణా సంస్థలో రిటైరైన ఉద్యోగి, తను దాచుకున్న 1,40,000 డాలర్లు సబ్‌వేల్లో ప్రకటనలకు ఖర్చు పెట్టాడు. ఆ సాయంత్రం టైమ్స్ స్క్వేర్‌లో నిలబడ్డాడు. చుట్టూ కెమెరాలు, వేళాకోళాలు. ఆరు దాటింది. ఎందుకు జరగలేదో తనకి అర్థం కావడం లేదన్నాడు. ఓక్లాండ్‌లో రేడియో ఆఫీసు మూసి ఉంది, బయట ఎగతాళి చేసేవాళ్లు గుమిగూడారు. మిల్పిటాస్ నుంచి ఒక చర్చివాళ్లు మాత్రం, నమ్మి మోసపోయినవాళ్లు ఎవరైనా వస్తే ఓదార్చడానికని అక్కడికి వెళ్లారు. ఆ వారం నేను చదివిన వార్తలన్నిట్లో నాకు నచ్చింది అదొక్కటే.

సోమవారం క్యాంపింగ్ మైకు ముందుకొచ్చాడు. మే 21న తీర్పు జరిగిందట, కాకపోతే ఆత్మీయంగా, కంటికి కనిపించకుండా. అసలు అంతం అక్టోబర్ 21న. ఉన్నదంతా పోగొట్టుకున్నవాళ్ల సంగతేంటని విలేకర్లు అడిగితే, మాంద్యంలో ఉద్యోగాలూ ఇళ్లూ పోయినవాళ్లు బతకడం లేదా అన్న ధోరణిలో మాట్లాడాడు. జూన్‌లో పక్షవాతం వచ్చింది. అక్టోబర్ 21 కూడా మామూలు శుక్రవారంలాగే పోయింది. 2012 మార్చిలో, తేదీ చెప్పడం తప్పేననీ, అది పాపమనీ రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. 2013 డిసెంబర్‌లో 92 ఏళ్లకు చనిపోయాడు. చివరికైనా ఒప్పుకున్నందుకు ఆయనకి కొన్ని మార్కులు వేస్తాను. ఈ దారిలో నడిచినవాళ్లలో ఆ మాట అన్నది బహు కొద్దిమంది.

ఈ "కంటికి కనిపించకుండా జరిగింది" అన్న సమాధానం చాలా పాతది. విలియం మిల్లర్ అనే న్యూయార్క్ రాష్ట్రపు రైతు దానియేలు గ్రంథంలోని 2300 దినాలను ఏళ్లుగా లెక్కేశాడు. దాన్ని పట్టుకుని ఆయన అనుచరులు 1844 అక్టోబర్ 22న యేసు తిరిగి వస్తాడని తేల్చారు. కొందరు పంట కూడా కోయకుండా వదిలేశారు. ఆ రాత్రి గడిచింది. మర్నాడు పొద్దున హైరమ్ ఎడ్సన్ అనే ఆయన మొక్కజొన్న చేలో నడుస్తుండగా తట్టిందట: తేదీ సరైనదే, జరిగింది భూమ్మీద కాదు, పరలోకపు గుడారంలో అని. ఆ గుంపులోంచే 1863లో సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘం పుట్టింది. మన నూజివీడులో గిఫర్డ్ ఆస్పత్రి వాళ్లదే. యెహోవాసాక్షుల మొదటి పెద్ద చార్లెస్ రస్సెల్ 1914 మీద ఆశ పెట్టుకున్నాడు. అది కూడా తర్వాత పరలోకంలో జరిగిన సంగతిగా మారింది. ఆయన తర్వాత వచ్చిన రూథర్‌ఫర్డ్, 1925లో అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు లేచి వస్తారన్నాడు. రాలేదు. తేదీ తప్పిన నాలుగేళ్లకి, 1929లో, ఆ పితరులు వస్తే ఉండటానికని శాన్ డియేగోలో ఇల్లు కట్టారు! వాళ్లు వచ్చేదాకా అని చెప్పి అందులో రూథర్‌ఫర్డే ఉన్నాడు. 1948లో అమ్మేశారు.

అలాగని ఎవరూ మానలేదు అనడం కూడా సరికాదు. యెహోవాసాక్షుల లెక్కల్లోనే చూడండి: ఏటా జరిపే క్రీస్తు మరణ జ్ఞాపకార్థ కూటానికి 1925లో 90,434 మంది వచ్చారు, 1928లో 17,380 మంది. మానినవాళ్లు చప్పుడు లేకుండా వెళ్లిపోతారు. మిగిలినవాళ్లే మనకి కనిపిస్తారు.

ఆ మిగిలినవాళ్లు ఎందుకు మిగిలారో చెప్పడానికి మా ఊరు రావాలి.

1999. మా అమ్మ ఒక చిన్న స్వతంత్ర సంఘానికి వెళ్లేది. పేరు అనవసరం. అక్కడి పాస్టరు అయ్యగారు ఆ వేసవి ఉజ్జీవ కూటాల్లో, రెండు వేల సంవత్సరం రాకముందే రాకడ, అంటే యేసు మళ్లీ రావడం, అని ప్రకటించాడు. కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని పేపర్లు రాస్తున్న రోజులు, వైటూకే గోల. అమ్మ టైలరింగ్ చేసేది, నాన్న తాపీ పని. అమ్మకి ఒక చీటీ ఉండేది, నెలకి 500 చొప్పున 25 నెలలు, ఆ జూన్‌లోనే మొదలైంది. ఆగస్టులో, మూడో పాటలోనే, మూడున్నర వేలు నష్టానికి పాడుకుంది. వచ్చిన తొమ్మిది వేలూ సంఘం షెడ్డు రేకులకి కానుకగా ఇచ్చేసింది. అంత నష్టానికి ఎందుకు పాడావని చీటీ ఆమె అడిగితే అమ్మ నవ్వి ఊరుకుంది. డిసెంబర్ తర్వాత కట్టక్కర్లేదు కదా!

డిసెంబర్ 31 రాత్రి అందరం తెల్లబట్టలతో షెడ్డులో ఉన్నాం. నాకూ భయమే. ఇంటర్ సెకండియర్ పరీక్షలు తప్పిపోతాయన్న చిన్న ఆశ కూడా ఉంది, అబద్ధం చెప్పను. పన్నెండింటికి అందరూ మోకాళ్ల మీద ఉండగా బజారులో ఎవరో లక్ష్మీబాంబు పేల్చారు. రాకడప్పుడు మోగే కడబూర అనుకుని సగంమంది చేతులెత్తి లేచారు. ఒక ముసలమ్మ "వచ్చేస్తున్నా ప్రభువా!" అని అరిచింది. తర్వాత కుక్కలు మొరిగాయి. పన్నెండున్నర దాకా పాటలు పాడించి, కొత్త సహస్రాబ్ది లెక్క ప్రకారం 2001లో కదా మొదలయ్యేది అన్నాడు అయ్యగారు. అది నిజం కూడా. అందుకే అందరికీ ఊపిరి వచ్చింది.

జనవరి 5న చీటీ ఆమె వచ్చింది. ఇంకా 18 వాయిదాలు.

అమ్మ ఆ సంఘంలో ఇంకో ఆరేళ్లు ఉంది. నాకు కోపంగా ఉండేది. కాలేజీలో ఉన్నప్పుడు గట్టిగానే పోట్లాడాను, వచనాలు తీసి చూపించాను. ఏం లాభం లేకపోయింది. 2011లో ఆ ఫోన్ పెట్టేసేముందు మాత్రం తనంతట తనే చెప్పింది. "నన్ను అయ్యగారు మోసం చేశాడంటే అది నేను సర్దుకునేదాన్ని. నేను నాలుగు కుటుంబాలను తీసుకొచ్చానురా. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లందరికీ చెప్పాను. నేను మానేస్తే వాళ్ల ముందు నేనే అబద్ధికురాలిని. వాళ్లు మానేదాకా నేను మానలేకపోయాను."

ఇదండీ నాకు తెలిసిన కారణం. బయటినుంచి చూస్తే చెప్పినవాడు ఒకడు, విన్నవాళ్లు వేలమంది. లోపల అలా ఉండదు. విన్న ప్రతివాడూ ఇంకో నలుగురికి చెప్పి ఉంటాడు. ఫిట్జ్‌పాట్రిక్ పోగొట్టుకున్నది లక్షా నలభై వేల డాలర్లు మాత్రమే కాదు, ఆ ప్రకటనలు చదివిన నగరమంతటికీ ఆయన మాట ఇచ్చినట్టే అయింది. అలాంటప్పుడు మర్నాడు ఎవరైనా "తేదీ సరైనదే, చోటు వేరు" అంటే, ఆ మాట చెప్పినవాడికన్నా విన్నవాడికే ఎక్కువ అవసరం.

మీ బాబాయి సంగతి. మత్తయి 24:36 తీసి "ఆ దినం తండ్రికి తప్ప ఎవరికీ తెలియదు" అని చూపించకండి. అది ఆయనకి వచ్చే ఉంటుంది, దానికి జవాబు కూడా నేర్చుకునే ఉంటాడు. క్యాంపింగ్ అయితే జ్ఞానులకు సమయం తెలుస్తుందని ప్రసంగి 8:5 చూపించేవాడు. వచనాల యుద్ధంలో ఇంట్లోవాళ్లు గెలవరు. పొలం కాగితాలు, పీఎఫ్ డబ్బు, పిల్లల ఫీజులు ఎవరి చేతుల్లో ఉన్నాయో మాత్రం ఇప్పుడే చూసుకోండి. ఆయన ఎవరెవరికి చెప్తున్నాడో కూడా గమనించండి, ఎందుకంటే తేదీ దాటాక ఆయన మొహం చాటేసేది వాళ్ల దగ్గరే. వీలైతే ఆ మర్నాడు భోజనానికి ఇప్పుడే పిలిచి పెట్టండి. వచ్చాక ఆ ఊసెత్తకండి.

మా నాన్న చర్చికి క్రిస్మస్‌కి తప్ప వెళ్లేవాడు కాదు. ఆ ఏడాదంతా అమ్మని ఒక్క మాట అనలేదు, నేను అది చేతగానితనం అనుకున్నాను. జనవరి 5న చీటీ ఆమె గుమ్మంలో నిలబడితే అమ్మ కుట్టుమిషను ముందు తలొంచుకుని కూర్చుంది. నాన్న లోపలికెళ్లి బియ్యం డబ్బాలోంచి ఒక కవరు తెచ్చి ఇచ్చాడు. ఐదు వందలు. నవంబర్‌లో ఒక స్లాబు పని కూలీ అందినప్పుడే తీసి పెట్టాడట. ఆమె వెళ్లిపోయాక, "టిఫినేంటి ఇవాళ?" అని అడిగాడు.