ముప్పై రెండేళ్ల కొడుకు ఏటీఎం కార్డు మీ దగ్గరెందుకు?

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. లెక్కల టీచరుగా రిటైరయ్యాను. ఉండేది కాకినాడ. ఇద్దరు కొడుకుల్నీ ఒకేలా, భయభక్తులతో పెంచాను. మార్కులు తగ్గితే దెబ్బలు పడేవి. పెద్దవాడు డాలస్‌లో స్థిరపడ్డాడు, ఆదివారం ఐదు నిమిషాలు ఫోన్ చేస్తాడు. చిన్నవాడికి 32. మేం చేర్పించిన బీటెక్ మధ్యలో మానేశాడు. ఉద్యోగాలు మారుతుంటాడు, అబద్ధాలాడతాడు, అప్పుడప్పుడు తాగి వస్తాడు. జీతం తగలేస్తాడని కార్డు నా దగ్గరే పెట్టుకుని, రోజూ పెట్రోలుకు రెండొందలు ఇస్తున్నాను. రాత్రి తొమ్మిది దాటితే గేటు దగ్గరే నిలదీస్తాను. కోడలు కూడా అన్నీ నాకే చెబుతుంది. వీడు చెడిపోవడానికి నా కాఠిన్యమే కారణమా? ఇంకా గట్టిగా ఉండాల్సిందా?

జవాబు: అమ్మా, మీ ప్రశ్న సంగతి ముందు తేల్చేస్తాను. అదే బెత్తం, అదే ఇల్లు. ఒకడు డాలస్‌లో తేలాడు, ఒకడు చదువు మానేశాడు. అంతా బెత్తం మహిమే అయితే ఇద్దరూ ఒకేలా తయారవ్వాలిగా? లెక్కల టీచరుకు నేను చెప్పాలా! ఎవరి స్వభావం వాళ్లు పుట్టుకతోనే కొంత తెచ్చుకుంటారు. అలాగని పెంపకం లెక్కలోకి రాదని కాదు. 1960ల్లో అమెరికా మనస్తత్వవేత్త డయానా బామ్‌రిండ్ పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ దగ్గరగా గమనించింది. కట్టుబాట్లు పెట్టినా, అవి ఎందుకో చెప్పి, పిల్లల మాట వినే ఇళ్లలో పిల్లలు తమ కాళ్ల మీద తాము నిలబడేవాళ్లుగా కనిపించారు. ‘ఎదురు మాట్లాడకు’ అని నోరు మూయించే ఇళ్లలో పిల్లలు ముభావంగా, ఎవర్నీ నమ్మనట్టు ఉన్నారు. మీ ఉత్తరంలో దెబ్బలున్నాయి, నిలదీయడాలున్నాయి. వాడితో కూర్చుని మాట్లాడిన రోజు ఒక్కటీ లేదు.

పాతికేళ్ల నాటి దెబ్బల గురించి ఇప్పుడు బెంగపడి లాభం లేదు. నన్ను కలవరపెట్టింది ఆ కార్డు.

పొద్దున్నే బండి తాళాలు పట్టుకుని, పెళ్లైన మగవాడు అమ్మ ముందు రెండొందల కోసం నిలబడతాడు. పక్క గదిలో టిఫిన్ బాక్సు సర్దుతున్న భార్యకు అంతా వినిపిస్తూనే ఉంటుంది. రాత్రి గేటు దగ్గర మళ్లీ అదే విచారణ. ఆ ఇంటికి తొందరగా రావాలని ఎవరికి అనిపిస్తుంది? నిజం చెబితే దెబ్బ పడుతుందని, అబద్ధం చెబితే ఆ పూట గడుస్తుందని వాడు చిన్నప్పుడే నేర్చుకున్నాడు. మీరు ఇప్పటికీ వాణ్ని పదో తరగతి పిల్లాడిలాగే చూస్తున్నారు, వాడూ అలాగే ఉండిపోయాడు. ఆత్మగౌరవం లేని చోట బాధ్యత మొలకెత్తదని నా గట్టి నమ్మకం.

అలాగని అతన్ని వెనకేసుకు రావడం లేదు. ‘అమ్మ కొట్టి పెంచింది, అందుకే తాగుతున్నాను’ అంటే ఒప్పుకోకండి. తాగేది అతను, మానాల్సిందీ అతనే. తనంతట తాను మానలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఉంది, డబ్బులేమీ తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు. ఫోన్ మాత్రం అతనే చెయ్యాలి, మీరు కాదు.

కార్డు ఇచ్చేయండి. ఇచ్చేటప్పుడు ఉపన్యాసం వద్దు. ఇంటి ఖర్చుకు నెలకు తన వంతు ఎంతో అతన్నే చెప్పమనండి, మీరు బేరమాడకండి. మొదటి రెండు మూడు నెలలు ఇరవయ్యో తారీఖుకే జేబు ఖాళీ కావచ్చు. కానివ్వండి. అప్పు చేస్తే మీ పెన్షన్లోంచి తీర్చకండి. ఇది మీకు కర్రపెత్తనం కంటే కష్టం, నాకు తెలుసు. కోడలు చాడీలు మోసుకొస్తే ‘అది మీ ఇద్దరూ తేల్చుకోండమ్మా’ అని వంటింట్లోకి వెళ్లిపోండి. భార్యాభర్తల మధ్య మీరు కూర్చుంటే వాళ్ల కాపురం వాళ్లదెప్పుడవుతుంది?

ఒకరోజు తీరిగ్గా, బీటెక్ ఎందుకు మానేశావురా అని అడగండి. జవాబు నచ్చకపోయినా మధ్యలో అడ్డుపడకండి. పెద్దవాడి విషయంలోనూ గెలిచాననుకోవద్దు. వారానికి ఐదు నిమిషాలు మాట్లాడే కొడుకు కూడా మీకు కాస్త దూరంగానే ఉన్నాడు. అదింకో ఉత్తరంలో మాట్లాడుకుందాం.

ఒకటో తారీఖున జీతం పడేలోపే కార్డు అతని చేతిలో పెట్టండి. పిన్ నంబరు మార్చుకోమనండి, కొత్తది ఎంతో మీరు అడగకండి.