పిస్టన్, క్యామ్ మార్చాక స్టార్ట్ కాని ఏటీవీ

ప్రశ్న: కార్బురేటర్ ఉన్న మా ఏటీవీకి (ఎగుడుదిగుడు నేలపై నడిపే నాలుగు చక్రాల బండి) హై కంప్రెషన్ పిస్టన్, కొత్త క్యామ్ (వాల్వ్‌లను తెరిచే భాగం), ఓపెన్ సైలెన్సర్ వేయించాం. అప్పటి నుంచి ఉదయం ఓ పట్టాన స్టార్ట్ కావడం లేదు. ఎక్కడ చూడాలి?

జవాబు: ముందు సెల్ఫ్ కొట్టి ఇంజన్ ఎలా తిరుగుతుందో వినండి. ఈడ్చుకుంటూ తిరిగితే లోపం కరెంటు వైపు ఉండొచ్చు. కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి, పెట్రోలు నొక్కుకునే ఒత్తిడి పెరిగితే స్టార్టర్ మోటారుపై భారం పెరుగుతుంది. పూర్తిగా చార్జ్ అయిన బ్యాటరీ 12.6 వోల్టులకు పైగా చూపాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే దిగకూడదు. బ్యాటరీ బాగుంటే ఎర్త్ వైరు బిగింపు చూడండి. కొన్ని రేసింగ్ క్యామ్‌లకు డీకంప్రెషన్ ఏర్పాటు (స్టార్టింగ్‌లో ఆ ఒత్తిడిని కాస్త వదిలేసేది) ఉండదు. మీది అలాంటిదైతే బలమైన బ్యాటరీ తప్పదు.

చురుగ్గా తిరుగుతున్నా అంటుకోకపోతే కార్బురేటర్‌లోని పైలట్ జెట్‌నే (ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ ఇవ్వనప్పుడు, పెట్రోలు వదిలే సన్న రంధ్రం) ముందు అనుమానించాలి. సైలెన్సర్ మార్చాక చాలామంది ఎక్కువ యాక్సిలరేటర్‌లో పనిచేసే మెయిన్ జెట్ ఒక్కటే మారుస్తారు. కానీ స్టార్టింగ్‌లో చోక్‌తో పాటు పైలట్ సర్క్యూట్ (పైలట్ జెట్ ఉన్న దారి) నుంచి కూడా పెట్రోలు వస్తుంది. ఇంజన్ వేడెక్కాక కూడా చోక్ లేకుండా నిలబడకపోతే పెట్రోలు చాలడం లేదన్నమాట. పైలట్ దారిలో పెట్రోలును సర్దే ఫ్యూయల్ స్క్రూను సుతారంగా పూర్తిగా బిగించి, రెండు చుట్లు వదలండి. మూడు చుట్లు దాటితేనే ఐడిల్ కుదురుతుంటే ఒక సైజు పెద్ద పైలట్ జెట్ వేయండి. ఒక చుట్టు లోపే కుదిరితే చిన్నది.

ఇవన్నీ సరిగ్గా ఉంటే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, కంప్రెషన్ స్ట్రోక్ టీడీసీ దగ్గర (వాల్వ్‌లు మూసుకుని పిస్టన్ పూర్తిగా పైకి వచ్చిన చోటు) వాల్వ్ క్లియరెన్స్, అంటే వాల్వ్ పైన ఉండే గ్యాప్ కొలవండి. క్యామ్‌తో వచ్చిన కాగితంలోని కొలతే పాటించాలి. గ్యాప్ బిగుతైతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ కారిపోతుంది. క్యామ్‌ను తిప్పే టైమింగ్ చైన్ ఒక పన్ను తప్పినా ఇదే బాధ.