నవంబరు చలిలో హ్యామక్: అండర్‌క్విల్ట్ 20 డిగ్రీలదా, 40 డిగ్రీలదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: అట్లాంటాలో ఉంటారు, వేసవిలో హ్యామక్ (రెండు చెట్ల మధ్య కట్టుకుని పడుకునే గుడ్డ ఊయల) బాగా అలవాటైంది, థాంక్స్‌గివింగ్ సెలవుల్లో ఉత్తర జార్జియాలోని బ్లడ్ మౌంటెన్ వైపు వెళ్లి రాత్రి ఉండాలనుకుంటున్నారు. 20 డిగ్రీల స్లీపింగ్ బ్యాగ్ ఎలాగూ ఉంది కదా, మళ్లీ అండర్‌క్విల్ట్ (హ్యామక్ కింద వేలాడదీసే బొంత) ఎందుకు, కొంటే ఏది కొనాలి అని. డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే చెప్తాను, కొనే సరుకు మీద అవే ఉంటాయి కాబట్టి. 20 డిగ్రీలది అంటే ఆ చలి దాకా తట్టుకుంటుందని చెప్పి అమ్మేది.

నేనుండేది నార్త్ కరోలినాలో. కొన్నేళ్లుగా ఇక్కడి గ్రేట్ స్మోకీ కొండల్లో (స్మోకీస్‌లో) చలికాలం కూడా హ్యామక్‌లోనే పడుకుంటున్నాను. నన్నడిగితే అండర్‌క్విల్ట్ కావాల్సిందే. 20 డిగ్రీలది, ఫుల్ లెంగ్త్, డౌన్ (బాతుల మెత్తటి నూగు) నింపింది తీసుకోండి. అయితే ఏది కొన్నారన్నదాని కంటే దాన్ని ఎలా కట్టారన్నదే ముఖ్యం.

బ్యాగ్ ఒక్కటే ఎందుకు చాలదంటే, వెచ్చదనాన్ని పట్టి ఉంచేది లోపలి నూగు కాదు, ఆ నూగు మధ్య చిక్కుకున్న గాలి. కొత్తగా దూది ఏకి కుట్టిన పరుపుకీ, ఏళ్లు వాడి అణిగిపోయిన పరుపుకీ ఉన్న తేడా లాంటిదే ఇదీ. మీ బరువుకి బ్యాగ్ అడుగు భాగం అణిగిపోతుంది, గాలి పోతుంది. టెంట్‌లో అయితే కింద ప్యాడ్, నేల ఉంటాయి. హ్యామక్‌లో వీపు కింద ఉండేది పల్చటి నైలాన్, దాని కింద వీచే గాలి. పైన రెండు దుప్పట్లు కప్పుకున్నా నడుం గడ్డకడుతుంది. అండర్‌క్విల్ట్ హ్యామక్ బయట వేలాడుతుంది కాబట్టి మీ బరువు దాని మీద పడదు.

ఇక 20నా 40నా అన్నది. ఫోన్‌లో అట్లాంటా వాతావరణం చూసి లెక్క వేసుకోకండి. అట్లాంటా సుమారు 1,000 అడుగుల ఎత్తులో ఉంటే బ్లడ్ మౌంటెన్ శిఖరం 4,458 అడుగులు. వెయ్యి అడుగులకు మూడు నాలుగు డిగ్రీల చొప్పున తగ్గుతుంది కాబట్టి, సిటీలో 40 ఉన్న రాత్రి పైన 30కి కాస్త అటూ ఇటూ ఉంటుంది. గాలి లేని, మబ్బు లేని రాత్రయితే చల్లగాలి లోయల్లోకి దిగి పేరుకుంటుంది, అప్పుడు వాగు పక్కన కట్టుకున్నవాళ్లకే ఎక్కువ చలి. పైగా అండర్‌క్విల్ట్ మీద రాసే అంకె కంపెనీ వాళ్లు సొంతంగా వేసుకున్నది. స్లీపింగ్ బ్యాగ్‌లకు ఉన్నట్టు దీనికి ఒక ప్రామాణిక పరీక్ష లేదు. 20 అని ఉంటే 30 వరకు హాయిగా ఉంటుందనుకోండి, అంతే. వెచ్చదనం ఎక్కువైతే తాడు కాస్త వదులు చేసి గాలి ఆడనివ్వచ్చు. 40 డిగ్రీల దాన్ని మాత్రం అర్ధరాత్రి 20 చేయలేం.

త్రీ క్వార్టర్ సైజు తేలిక, చౌక. భుజాల నుంచి మోకాళ్ల దాకానో పిక్కల దాకానో వస్తుంది, పాదాల కింద చిన్న ఫోమ్ ముక్క వేసుకోవాలి. అక్టోబరు దాకా బాగానే ఉంటుంది. నీళ్లు గడ్డకట్టే చలిలో ఆ ఫోమ్ ముక్కను నిద్రలో తన్నేసి, మళ్లీ కాళ్లతో వెతుక్కోవడం నాకు విసుగు.

డౌన్‌ది 20 డిగ్రీల ఫుల్ లెంగ్త్ ఆరేడు వందల గ్రాములుంటుంది, ధర రెండు వందల డాలర్ల పైమాటే. సింథటిక్ (కృత్రిమ పీచు నింపింది) బరువు, బ్యాగ్‌లో చోటు కూడా ఎక్కువ తింటుంది, కానీ తడిసినా పూర్తిగా చేతులెత్తేయదు. వరసగా వాన ఉంటుందన్నా, బాతు ఈకలు ఇంట్లో వద్దన్నా (మా ఆవిడ మొదట్లో అదే అంది) సింథటిక్ తీసుకోవచ్చు. డౌన్ కొంటే ఇంట్లో చిన్న సంచిలో కుక్కి పెట్టకండి, వదులుగా వేలాడదీయండి.

ఇప్పుడు అసలు సంగతి. హ్యామక్‌కీ క్విల్ట్‌కీ మధ్య నాలుగు వేళ్ల సందు ఉంటే చాలు, సున్నా డిగ్రీల క్విల్ట్ కూడా దండగే. లోపల పడుకుని, చెయ్యి బయటకు చాపి, క్విల్ట్‌ను కింది నుంచి మెల్లగా పైకి నొక్కండి. వీపుకి తగిలేలోపు అది కాస్త పైకి లేచిందంటే అక్కడ సందు ఉన్నట్టు, ఎలాస్టిక్ తాడు బిగించాలి. పొంగు లేకుండా పల్చగా తగిలితే మరీ బిగుసుకుందని, వదలాలి. నడుం దగ్గర సరిపోయింది కదా అని ఆగిపోవద్దు. హ్యామక్‌లో ఏటవాలుగా పడుకుంటాం కాబట్టి క్విల్ట్‌ను నిటారుగా కడితే ఒక భుజమో ఒక పాదమో బయట ఉండిపోతుంది. తల కుడికి, కాళ్లు ఎడమకి పెట్టేవాళ్లు క్విల్ట్‌ను కూడా అలాగే వాలుగా జరపాలి. చివర్ల తాడు గాలి దూరనంత వరకే లాగండి. ఇంకా బిగిస్తే తల దగ్గర, కాళ్ల దగ్గర క్విల్ట్ ముడుచుకుని కిందికి జారి, అక్కడే కొత్త సందు పుడుతుంది. పక్కన ఎవరైనా ఉంటే టార్చ్ వేసి కింది నుంచి చూడమనండి, అరగంట పని రెండు నిమిషాల్లో అయిపోతుంది. పడుకున్నాక హ్యామక్‌ను చెట్లకు కట్టిన పట్టీలు కొంచెం సాగుతాయి, ఇంకోసారి చూసుకోవాలి.

కొనేటప్పుడు డిఫరెన్షియల్ కట్ ఉందా అని అడగండి. బయటి గుడ్డ లోపలి దానికంటే పెద్దగా కుడతారు, వంగినా నూగు అణగదు. మీది బ్రిడ్జ్ హ్యామక్ (చివర్లలో అడ్డకర్రలతో వెడల్పుగా చాపి ఉంచేది) అయితే దానికి వేరే ఆకారం క్విల్ట్ కావాలి. రెండు చివర్లూ కుచ్చుగా ముడిచిన మామూలు హ్యామక్ అయితే ఫర్వాలేదు. టార్ప్ (హ్యామక్ పైన కట్టే వాన గుడ్డ) కూడా పెద్దది ఉండాలి, పక్కగాలి నేరుగా క్విల్ట్‌ను కొడితే వెచ్చదనం లాగేస్తుంది.

ఎప్పుడైనా స్మోకీస్ పార్కుకి వస్తే హ్యామక్‌ను కేటాయించిన క్యాంప్‌సైట్‌లోనే కట్టాలి, నడిచేవాళ్లు రాత్రి ఉండటానికి కట్టిన షెల్టర్ల స్తంభాలకు కట్టనివ్వరు.

ఇంకొకటి, మంచి క్విల్ట్‌లు చేసే చిన్న అమెరికన్ కంపెనీలు చాలావరకు ఆర్డర్ వచ్చాకే కుడతాయి, వారాలు పట్టొచ్చు. సెప్టెంబరులోనే ఆర్డర్ పెట్టేయండి. అప్పటికీ రాకపోతే వెడల్పాటి ఫోమ్ ప్యాడ్ ఒకటి హ్యామక్‌లో వేసుకుని వెళ్లండి. జారుతుంది, చెమ్మ పడుతుంది, భుజాలు బయటికి వస్తాయి, కానీ ఒక్క రాత్రికి పని జరిగిపోతుంది.