పసరు కట్టు గురించి రాసే ముందు

చిరంజీవి తమ్ముడికి,

నీ వ్యాసం అందింది. నిదానంగా చదివాను. మధుమేహం వల్ల పాదానికి పడే పుండ్లు, వాటికి మూలికా వైద్యం: కొత్తగా కలం పట్టినవాడికి ఇది తేలికైన విషయం కాదు. దీని మీద రాసేవాళ్ళలో ఆకు పేరు వినగానే చేతులు జోడించేవాళ్ళున్నారు, వినకముందే వెక్కిరించేవాళ్ళూ ఉన్నారు. నువ్వు ఇద్దరి దారీ పట్టలేదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. లేకపోతే బాగుందని రెండు ముక్కలు రాసి ఊరుకునేవాణ్ణి.

నీ వ్యాసంలో వేప ఉంది, పసుపు ఉంది, కలబంద ఉంది, త్రిఫల కషాయం ఉంది, జాత్యాది తైలం ఉంది. ఒక్కోదాని గుణగణాలకు ఒక్కో పేరా ఇచ్చావు. పాదం మాత్రం ఎక్కడా లేదు. ఆ మందు ఎలాంటి కాలి మీద పడుతుందో చెప్పకుండా మందు సంగతి చెబితే, పాఠకుడు తన మోచేతి మీద గీరుకుపోయిన గాయాన్నే ఊహించుకుంటాడు. అది ఎలాగూ మానుతుంది. ఇది అలాంటిది కాదు.

కాబట్టి ముందు పాదం గురించి రాయి. షుగర్ ఏళ్ళ తరబడి అదుపు తప్పి ఉంటే కాళ్ళ చివర్ల నరాలు దెబ్బతింటాయి. మొదట తిమ్మిర్లు, మంటలు ఉండొచ్చు. పోనుపోను స్పర్శే తెలియకుండా పోతుంది. చెప్పులో రాయి పడినా, బూటు ఒరుసుకున్నా, అరికాల్లో మేకు దిగినా మనిషి నడుస్తూనే ఉంటాడు. కండరాలను ఆడించే నరాలు చెడితే వేళ్ళు వంకర్లు పోతాయి, ఒంటి బరువంతా పాదంలో ఒకటి రెండు చోట్లే పడుతుంది. చెమట పట్టించే నరాలు చెడితే చర్మం ఎండి పగులుతుంది. బరువు పడిన చోట ఆనె కడుతుంది, ఆనె కింద కండ నలిగి లోపల్లోపలే పుండవుతుంది. కాలికి రక్తం తెచ్చే నాళాలు కూడా సన్నబడి ఉంటే మానడానికి కావలసినవేవీ అక్కడికి అందవు. చీము పట్టడం ఆ తర్వాతి సంగతి. మధుమేహం ఉన్నవాళ్ళలో 19 నుంచి 34 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి పుండు పడొచ్చని 2017లో వచ్చిన ఒక వైద్య సమీక్ష అంచనా వేసింది. అంటే నీ పాఠకుల్లో చాలామందికి ఇది సొంత కాలి సంగతి.

ఇందులో నువ్వు ఎక్కువసేపు ఆగాల్సింది నొప్పి లేకపోవడం దగ్గర. నువ్వు మాట్లాడించిన పెద్దాయన "పసరు కట్టాక నొప్పే లేదు" అన్నాడని రాశావు, అదేదో సాక్ష్యం అన్నట్టు. కట్టకముందు మాత్రం నొప్పి ఉందా? అది నువ్వు అడగలేదు. స్పర్శ పోయిన కాలికి నొప్పి లేదంటే మందు పనిచేసిందని కాదు, జబ్బు ముదిరిందని. డాక్టర్లు సన్నటి నైలాన్ పోగుతో పాదాన్ని పొడిచి చూస్తారు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే పోగు అది. ఆ మాత్రం ఒత్తిడి కూడా తెలియలేదంటే కాలికి రక్షణ పోయినట్టే లెక్క. ఆ పరీక్ష చేసేటప్పుడు వెళ్ళి చూసి రాయి. కళ్ళు మూసుకున్న మనిషి, పోగు తగిలినా "ఇంకా పెట్టలేదా?" అని అడిగే తీరు చూస్తే నీ వ్యాసానికి మొదటి పేరా దానంతటదే దొరుకుతుంది.

నొప్పి సంగతి ఎత్తాను కనుక పాల్ బ్రాండ్ గురించి చదువు. 1946లో వెల్లూరు వచ్చి, తర్వాత అక్కడ కుష్ఠు రోగులకు శస్త్రచికిత్సలు చేసిన డాక్టరు. వాళ్ళ కాళ్ళ పుండ్లు మానకపోవడానికి కండ చెడిపోవడం కారణం కాదని, నొప్పి తెలియక అదే చోట మళ్ళీ మళ్ళీ బరువు వేయడమే కారణమని ఆయన గ్రహించాడు. కాలికి సరిగ్గా అతుక్కునేలా పిండికట్టు వేసి, బరువు ఒక్క చోటే పడకుండా చూస్తే, ఏళ్ళుగా మొండికేసిన పుండ్లు వారాల్లో మానడం మొదలుపెట్టాయి. తర్వాత ఆయన అమెరికాలో కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్ళాక అదే పద్ధతి మధుమేహ పాదాలకూ వచ్చింది. పాదం అడుగున పడే పుండుకు ఇప్పటికీ మొదటి వరసలో చెప్పే చికిత్సల్లో అదొకటి. గమనించావా, ఆ వైద్యం బలమంతా పూసిన మందులో లేదు. బరువు తీసేయడంలో ఉంది.

ఇప్పుడు నీ పెద్దాయన దగ్గరికి మళ్ళీ వెళ్ళు. పసరు కట్టిన రోజుల్లో ఆయన నడిచాడా, మంచం మీదే ఉన్నాడా? కట్టు మీదుగా చెప్పు వేసుకోలేక కాలు కింద పెట్టడమే మానేశాడా? ఇన్సులిన్ అప్పుడే మొదలుపెట్టారా? మాత్రలు ఏమైనా మింగాడా? చచ్చిన కండ ఎవరైనా కోసి తీశారా? పసరు ఒక్కటే కాక ఆ నెలలో మారినవన్నీ రాసుకో. సాధారణ చికిత్స మాత్రమే అందిన నరాల సంబంధ పుండ్లలో దాదాపు 24 శాతం 12 వారాల్లో, 31 శాతం 20 వారాల్లో మానాయని 1999లో ప్రయోగాల లెక్కలన్నీ కలిపి చూసినవాళ్ళు తేల్చారు. అంటే ఏ కొత్త మందూ లేకుండానే నాలుగింట ఒకటి మూడు నెలల్లో మానుతోంది. ఆ ఒకరి కాలికి ఏ ఆకు కట్టి ఉంటే పేరు ఆ ఆకుకే పోతుంది. మిగతా ముగ్గురూ నీ దగ్గరికి వచ్చి కథ చెప్పరు. వాళ్ళను వెతుక్కుంటూ నువ్వే వెళ్ళాలి. మానిన పుండు కథ కూడా మానిన రోజుతో ముగించకు. మానిన వాటిలో సుమారు 40 శాతం ఏడాది తిరిగేలోపు మళ్ళీ వస్తాయి.

ఇదంతా చదివి, అన్నయ్య మూలికలకు విరోధి అనుకోకు. నీ వ్యాసంలో లేని ఒక మంచి సంగతి చెబుతాను. వాము ఆకు, సరస్వతి ఆకు ఈ రెండింటి సారాలతో తయారైన ఒక లేపనాన్ని ఓఎన్101 అనే పేరుతో పెద్ద ప్రయోగంలో పరీక్షించారు. 2021లో జామా నెట్‌వర్క్ ఓపెన్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. 236 మంది రోగులు. ఒక వర్గానికి ఆ లేపనం, రెండో వర్గానికి తడి పీల్చే మామూలు కట్టు. 16 వారాలకు లేపనం వాడినవాళ్ళలో 60.7 శాతం మందికి పుండు పూర్తిగా మూసుకుంది, మామూలు కట్టు వాళ్ళలో 35.1 శాతం మందికి. తైవాన్ దానికి అనుమతి కూడా ఇచ్చింది. పుండు ఎప్పుడూ వాపు దశలోనే చిక్కుకుపోకుండా, అక్కడి రక్షణ కణాలను కండ కట్టే పనికి మళ్ళిస్తుందని దాన్ని తయారుచేసినవాళ్ళ వివరణ. మూలికా వైద్యం మీద రాసేవాడికి ఇంతకంటే మంచి సరుకు ఏముంటుంది?

అయితే ఈ సంగతి చెప్పేటప్పుడే కాళ్ళు జారతాయి. "వాము ఆకు, సరస్వతి ఆకు నూరి కడితే పుండు మానుతుందని శాస్త్రవేత్తలు నిరూపించారు" అని రాశావంటే, నీ వాక్యం చదివి ఎవరో ఒకరు ఆ సాయంత్రమే నూరతారు. ప్రయోగంలో వాడింది నూరిన ఆకు కాదు. కొలత ప్రకారం తీసిన సారం, శుభ్రమైన లేపనం. దాన్ని చచ్చిన కండ తీసేసిన పుండు మీద, పుండు తీవ్రతను కొలిచే వాగ్నర్ కొలమానంలో 1, 2 గ్రేడుల్లో ఉన్న వాటి మీద పూశారు. ఎముక కుళ్ళినవి, వేళ్ళు నల్లబడ్డవి ఆ లెక్కలో లేవు. మట్టి, సూక్ష్మక్రిములు ఉన్న పచ్చి ముద్దను తెరిచిన పుండు మీద పెట్టడం పూర్తిగా వేరే పని. ఇంకో చిక్కు: సరస్వతి ఆకు అని జనం రెండు వేర్వేరు మొక్కలను పిలుస్తారు. ప్రయోగంలోది సెంటెల్లా ఏషియాటికా, ఇంకోటి బకోపా. అలాగే వాము ఆకు మొక్క నుంచి వాము గింజలు రావు. మొక్క పేరు రాసిన ప్రతిచోటా శాస్త్రీయ నామం, ఏ భాగం, ఏ రూపం అన్నవి తప్పకుండా ఇవ్వు. అందువల్ల వ్యాసం బరువెక్కుతుందని భయపడకు.

ఆ ప్రయోగం పక్కనే 2023 మార్గదర్శకాలు కూడా పెట్టాలి. మధుమేహ పాదం మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం, ఐడబ్ల్యూజీడీఎఫ్, పుండు మాన్పడం కోసం మూలికలు కలిపిన కట్లు గానీ తేనె గానీ వాడవద్దని చెప్పింది. ఎక్కువ ప్రయోగాలు చిన్నవి, సరిగ్గా కట్టుదిట్టం చేయనివి కావడం వల్ల వాటి మీద నమ్మకం పెట్టలేమన్నది వాళ్ళ వాదన. ఒక చేత్తో మంచి ప్రయోగం, ఇంకో చేత్తో వద్దన్న సలహా. కుర్ర రచయితలు ఇక్కడ కంగారు పడి రెంటిలో ఒకటి దాచేస్తారు. రెండూ రాయి. ఒక మందుకు దొరికిన ఆధారం మూలికలన్నిటికీ చెల్లదన్న మాట అప్పుడు నువ్వు చెప్పక్కర్లేకుండానే పాఠకుడికి అర్థమవుతుంది.

ప్రాచీనుల ప్రస్తావన గురించి. "వేల ఏళ్ళ క్రితమే మనవాళ్ళు దీనికి సులువైన మందు చెప్పారు" అని రాశావు. సుశ్రుత సంహిత తెరిచి చూడు. వ్రణానికి అరవై రకాల ఉపక్రమాలు, అంటే చికిత్సా పద్ధతులు, చెప్పిన గ్రంథం అది. కోయడం, చీము తీయడం, కడగడం, కట్టు కట్టడం అన్నీ అందులో ఉన్నాయి. లేపనం ఆ అరవైలో ఒకటి. మధుమేహం ఉన్నవాళ్ళ వ్రణాలు కష్టం మీదగానీ మానవని కూడా అందులోనే ఉంది. సులువని సుశ్రుతుడు అనలేదు, నువ్వు అనిపించావు. పెద్దల పేరు వాడుకునేటప్పుడు వాళ్ళ జాగ్రత్తను కూడా వాడుకోవాలి.

"దుష్ప్రభావాలు లేని ప్రకృతి వైద్యం" అన్న వాక్యం నీది కాదని నాకు తెలుసు, ఏదో సీసా మీదది. తీసేయ్. నువ్వు మెచ్చుకున్న జాత్యాది తైలంలోనే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ఉంటుంది. వెల్లుల్లి ముద్ద, జిల్లేడు పాలు, జీడిగింజ రసం చర్మాన్ని కాలుస్తాయి. స్పర్శ లేనివాడికి కాలుతున్న సంగతే తెలియదు. ఆకులు వేసి మరిగించిన నీళ్ళలో కాళ్ళు పెట్టుకోవడం కూడా అంతే, బొబ్బలు చూశాకే తెలుస్తుంది. కడుపులోకి మింగే వాటి గురించి వేరే వ్యాసం రాసుకో. బోస్టన్‌లో అమ్ముతున్న 70 ఆయుర్వేద ఉత్పత్తులు పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడిందని 2004లో వచ్చిన పరిశోధన అక్కడ పనికొస్తుంది. మొక్కల నుంచి వచ్చిన మందులు డాక్టర్ల చీటీల్లో ఎలా స్థిరపడ్డాయో కూడా అక్కడే చెప్పొచ్చు: మెట్‌ఫార్మిన్‌కు మూలం గలీగా అనే మొక్కలోని పదార్థం, మిరపలోని కాప్సైసిన్‌తో చేసిన 8 శాతం పట్టీకి పాదాల నరాల నొప్పి కోసం అమెరికాలో 2020లో అనుమతి వచ్చింది.

మూలికా వైద్యుణ్ణి మాట్లాడించిన భాగం బలహీనంగా ఉంది. ఆయన ఏ మూలిక వాడతాడో అడిగావు, ఎలా నూరతాడో అడిగావు. ఎలాంటి కాలు వస్తే తాను ముట్టుకోకుండా ఆసుపత్రికి పంపిస్తాడో అడగలేదు. చేయి తిరిగిన వైద్యుడు ఈ ప్రశ్నకు తడుముకోడు. పాదం మీద నాడి చూస్తాడు, వేలి రంగు చూస్తాడు, వాసన పసిగడతాడు, "ఇది నాది కాదు" అంటాడు. అన్నీ నేనే మాన్పుతాననేవాడైతే ఆ జవాబును కూడా యథాతథంగా అచ్చు వేయి, వ్యాఖ్య అక్కర్లేదు. రెండో ప్రశ్న: ఎన్ని రోజులు చూసి ఆపేస్తారు? నాలుగు వారాల్లో పుండు వైశాల్యం సగమైనా తగ్గకపోతే చికిత్స మార్చాలని పాదాల వైద్యులు అంటారు. గడువు లేని వైద్యం ఏదైనా, ఆకైనా ఆయింట్‌మెంటైనా, ఈ జబ్బులో కాలును తినేస్తుంది.

పుండు ఫొటోలు వేయకు. నల్లబడ్డ వేలు చూసి భయపడ్డవాడు డాక్టరు దగ్గరికి పరిగెత్తడు, పేజీ తిప్పేస్తాడు. ఆ మనిషి పరువు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

"వైద్యుణ్ణి సంప్రదించండి" అని చివరి వరసలో తగిలించావు చూడు, అది ఎవరూ చదవరు. ఎప్పుడు వెళ్ళాలో చెప్పు, పైనే చెప్పు. పుండు చుట్టూ ఎర్రదనం పాకుతున్నా, చీము, దుర్వాసన ఉన్నా, వేలు నల్లబడినా, చలిజ్వరం వచ్చినా, పుండేమీ లేకుండానే ఒక పాదం వేడెక్కి వాచినా ఆ రోజే వెళ్ళాలి, మర్నాడు కాదు. రోజూ రాత్రి అరికాళ్ళు అద్దంలో చూసుకోమని, కాళ్ళు వేసే ముందు చెప్పులు దులుపుకోమని కూడా అక్కడే రాయి. ఈ రెండు పనులకూ ఏ మూలికా పోటీ కాదు.

శీర్షికలో "ప్రకృతి వరం" వద్దు. కొత్త ప్రతి నాకు పంపే ముందు, పాదాల పుండ్లు చూసే డాక్టరు ఒకరికీ, వ్రణచికిత్స చేసే ఆయుర్వేద వైద్యుడు ఒకరికీ చదివించు. ఏదైనా వాక్యానికి ఇద్దరూ అడ్డు చెబితే కొట్టేయ్. ఒక్కరే చెబితే ఎందుకో అడిగి, ఆ జవాబును కూడా వ్యాసంలో చేర్చు.

ఆశీస్సులతో,
అన్నయ్య