మొరం టిప్పర్ రాకముందే నీళ్ల లెక్క

అల్లుడూ,

ఊరి వెనక గుట్ట మొదట్లో మొరం క్వారీకి ఐదెకరాలు లీజుకు అడుగుతున్నారనీ, తవ్వాక పూడ్చి చదును చేసిస్తామంటున్నారనీ రాశావు. ఇవ్వాలా వద్దా అన్నది గ్రామసభలో తేల్చుకోండి. ఏం తేలినా సరే, పొక్లెయిన్ గుట్టెక్కకముందే నీళ్ల లెక్క రాసిపెట్టుకో. రేపు బోరు ఎండితే "ఈసారి వానల్లేవు గదా" అంటారు. చేతిలో కాగితం లేకపోతే ఆ మాటకు నీ దగ్గర జవాబుండదు.

మన నేల గ్రానైటు. పైన జానెడో మూరెడో మట్టి, దాని కింద గడ్డపారకు ఊడే మొరం, ఆ కింద పగుళ్ల రాయి, ఇంకా కింద బండ. వానను పట్టి ఉంచి మెల్లగా బోర్లకూ వాగుకూ వదిలేది ఆ మొరమే. భూగర్భజలాల లెక్క కట్టేవాళ్లు, బంకమట్టి తక్కువున్న మొరం నేలలో వాన నూటికి 11 పాళ్లు కిందికి దిగుతుందనీ, పగుళ్లు లేని బండ మీదైతే ఒక్క పాలేననీ పట్టుకుంటారు. 800 మిల్లీమీటర్ల వాన పడితే ఎకరాకు మూడున్నర లక్షల లీటర్లెక్కడ, 32 వేలెక్కడ! బండ తేలితే మిగిలిందాంట్లో చాలావరకు ఒక్క పూటలో వరదై పోతుంది. చెరువు మత్తడి దుంకిందని ఊరు సంబరపడుతుంది, సంక్రాంతికల్లా వాగు అడుగంటుతుంది.

క్వారీకి దిగువన నాలుగు, ఎగువన ఒకటి, పక్కల రెండు బోర్లు ఎంచుకో. మే, నవంబరు కొలతలు తప్పనిసరి. వీలైతే జనవరి, ఆగస్టులో కూడా తియ్యి. కేంద్ర భూగర్భజల మండలి ఆ నాలుగు నెలల్లోనే కొలుస్తుంది కాబట్టి నీ అంకెలు వాళ్ల అంకెల పక్కన పెట్టొచ్చు. ముందురోజు రాత్రంతా ఆ బోరూ, పక్క బోరూ ఆగి ఉండాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. రైతు "ఆపేశా" అంటాడు, కానీ ఆటో స్టార్టర్ ఉంటే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మోటారు దానంతటదే నడుస్తుంది. అది తీసేయించాకే నమ్ము. రెండు తీగల కొసలు గీకి, ఒకదాన్నొకటి తగలకుండా కాస్త ఎడంగా కట్టి కేసింగులోకి దించు. పై కొసలకు మల్టీమీటరు తగిలించు. కింద నీళ్లు తగలగానే ముల్లు కదులుతుంది. కేసింగు గోడ తడికి కూడా అదురుతుంది, అందుకే కాస్త పైకి లాగి మళ్లీ దించు. మూడుసార్లు ఒకే అంకె వస్తేనే రాసుకో.

లోతు ఒక్కటే చాలదు, బోరు మూతులు ఎత్తుపల్లాల్లో ఉంటాయి. గుట్ట మీద కదలని బండకు పెయింటు గీత గీసి, మేస్త్రీల లెవెల్ పైపుతో అంచెలంచెలుగా ఆ గీతకూ ఒక్కో మూతికీ తేడా తీయించు. నీళ్లు భూమిలో ఎటు నడుస్తున్నాయో అప్పుడు తెలుస్తుంది.

వాగుకైతే రేకులో 90 డిగ్రీల కోణంతో 'వి' ఆకారం కోసి, పక్కలకూ కిందికీ కారకుండా బంకమట్టితో అడ్డం నిలబెట్టు. కోత అడుగు నుంచి నీటి ఎత్తు 5 సెంటీమీటర్లుంటే సెకనుకు ముప్పావు లీటరు, 10 ఉంటే నాలుగు లీటర్ల పైచిలుకు. ఆ ఎత్తును కోత దగ్గర కాదు, మీటరు ఎగువన కొలవాలి. కోత దగ్గర నీరు వంగుతుంది, తక్కువ చూపిస్తుంది.

ఇక షరతులు. నవంబరులో నీరు ఎంత పైకొచ్చిందో, దానికి రెండు మీటర్ల పైనే తవ్వకం ఆగాలని రాయించు. అంతకన్నా దిగితే ఊట బయటపడుతుంది. దాన్ని మోటారు పెట్టి తోడేస్తే చుట్టుపక్కల బోర్ల నీరు అటే లాగుతుంది. గుంతలో నీళ్లు నిలిస్తే చెరువైనట్టేగా అని ఎవరైనా అంటే ఒప్పుకోకు. ఊట నీరు ఎండకు తెరుచుకుంటే ఏడాదికి మీటరున్నరకు పైగా ఆవిరైపోతుంది. వాన నీరైతే ఒండ్రు తెచ్చి అడుగును మూసేస్తుంది, ఇక కిందికి దిగదు.

గుంతలో చేరే ఎర్రనీళ్లను వాగులోకి వదలనివ్వకు. ఒండ్రు అడుక్కి దిగేదాకా నీళ్లు నిలిపే గుంటలు కట్టిస్తామంటారు. కట్టించు, కానీ వాటి మీదే ఆధారపడకు. 0.02 మిల్లీమీటర్ల రేణువు రెండు మీటర్లు దిగడానికి గంటన్నర చాలు, అందులో పదో వంతు ఉండే బంకరేణువుకు ఆరు రోజులు పడుతుంది. వాగు ఇసుక సందుల్లో కూరుకుపోయేది ఆ బంకే. చెలమ తీస్తే ఊట రానిదీ అందుకే.

నన్నడిగితే తవ్వకం కన్నా పూడ్చడమే ఎక్కువ చెడ్డది, ఎందుకంటే అప్పటికి అందరూ పట్టించుకోవడం మానేస్తారు. నల్లరేగడో చెరువు పూడికో తెచ్చి రోలరుతో తొక్కిస్తే భూమి లోపల అడ్డుకట్ట వేసినట్టే. ఎగువ పొలంలో నీరు నిలుస్తుంది, దిగువ బోర్లు ఎండుతాయి. పూడిక మట్టి పొలాలకు తోలుకోండి, గుంతకు వద్దు. పట్నం నుంచి కూల్చిన ఇళ్ల శిథిలాలు, చెత్త, కోళ్ల వ్యర్థాలు రాత్రిపూట దించుతారు. చెత్త మీదుగా దిగిన నీరు బోరులోకొచ్చాక కడగడం నీవల్ల కాదు, నావల్లా కాదు. పైమట్టిని మొదటిరోజే వేరుగా కుప్ప పోయించు. అడుగున ఆ గుట్ట మొరమూ రాళ్లే వెయ్యాలి, తొక్కించొద్దు. ఆఖరున ఆ పైమట్టి అడుగు మందాన పరిచి, పాత వాలు ఎటుంటే అటే ఉంచాలి. చిన్న వంకనైనా సరే పూడ్చి తూము పైపు పెడతామంటే ఒప్పుకోకు.

"ఐదు హెక్టార్లలోపే, పర్యావరణ అనుమతి అక్కర్లేదు" అన్న మాట 2012 ఫిబ్రవరిలోనే సుప్రీంకోర్టులో చెల్లలేదు. రోడ్డు పనుల మట్టికి 2020లో ఇచ్చిన మినహాయింపునూ 2024 మార్చిలో కోర్టు కొట్టేసింది. ఎవరు ఏం చెప్పినా, ఏ తేదీ ఉత్తర్వు ప్రకారమో కాగితం పెట్టమను.

కొలతల పుస్తకంలో ప్రతిసారీ బోరు రైతు, పంచాయతీ కార్యదర్శి, క్వారీవాళ్ల మనిషి ముగ్గురి సంతకాలూ ఉండాలి. క్వారీ మనిషి రాకపోతే రాలేదని రాయి. తీగ కొనేటప్పుడు 50 మీటర్లది తీసుకో, మేలో 30 చాలదు.

మీ మామ