ఇంటికెళ్తానంటూ బయల్దేరే అత్తయ్య

ప్రశ్న: మా అత్తయ్యకి 74 ఏళ్లు. డాక్టరు డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు అన్నారు. సాయంత్రమయ్యేసరికి ‘మా ఇంటికెళ్లాలి’ అంటూ చెప్పులేసుకుంటారు. రెండుసార్లు దారి తప్పి రైల్వే గేటు దగ్గర దొరికారు. పాత పెంకుటిల్లు తీసేసి డాబా కడుతున్నాం. ఆవిడ గది మేడ మీద వేసి గ్రిల్లు పెట్టించమంటున్నాడు మేస్త్రి. టెన్షన్‌తో నిద్రపట్టడం లేదు. ఏం చెయ్యమంటారు?
– ఓ కోడలు, బొబ్బిలి

జవాబు: ఆ గ్రిల్లు వద్దమ్మా. ఇళ్ల ప్లాన్లు గీయడమే నా పని, అయినా మా ఇంట్లోనే తప్పు చేశాను. నరసన్నపేట దగ్గర మా ఊళ్లో, నాన్నగారికి మతిమరుపు ముదురుతున్న రోజుల్లో, కారు ఎక్కించడానికని వీధి అరుగు కొట్టించేశాను. హాల్లో నున్నటి గ్రానైట్ వేయించాను. ఆ మెరుపు ఆయన కంటికి నేల మీద నీళ్లలా కనబడేది. పంచె పైకెత్తి, గోడ పట్టుకుని, అడుగెయ్యలేక నిలబడిపోయేవారు. నల్లటి డోర్‌మ్యాట్‌ని గొయ్యి అనుకుని గుమ్మం దాటేవారు కాదు. అరుగున్నప్పుడు పాలబ్బాయి, బడిపిల్లలు పలకరించేవారు. ‘తాతగారు చెరువు వైపెళ్తున్నారు’ అని ఎవరో ఒకరు కేకేసేవారు. అరుగుతోపాటే ఆ కేకా పోయింది.

నెదర్లాండ్స్‌లో ఆమ్‌స్టర్‌డ్యామ్ దగ్గర డిమెన్షియా ఉన్నవాళ్ల కోసమే హోగెవేక్ అనే చిన్న ఊరు కట్టారు. 2009లో మొదలైంది. ఇంటికి ఆరేడుగురు, బయట వీధులు, కొట్టు, హోటలు, తోట. వాళ్లు పనిగట్టుకుని కట్టుకున్న వీధి మీ గుమ్మం ముందే ఉంది.

అత్తయ్య గది కిందే, వీధివైపే వెయ్యండి. అరుగు ఉంచండి, అడుగున్నర ఎత్తు, లేవడానికి పట్టుకునే కడ్డీతో. టైల్స్ మెరవనివి. మంచం మీంచే బాత్రూం తలుపు కనబడాలి. తెల్లగచ్చులో తెల్లసీటు ఆనదు, ముదురురంగుది పెట్టించండి. రాత్రి అటు చిన్న లైటు వెలగాలి.

పాత ద్వారబంధం మాత్రం అమ్మకండి, ఆవిడ గదికే బిగించండి. ఇన్నేళ్లు శుక్రవారం శుక్రవారం పసుపు రాసిన గడప అది. ఆవిడ వెతికే ఇంట్లో అదీ ఉండొచ్చు.

సాయంత్రం చెప్పులేసుకోగానే అడ్డుపడకుండా ‘పదండత్తయ్యా’ అని కూడా వెళ్లి, వీధి చివరిదాకా నడిచి రండి. కిరాణాకొట్టులో, ఆటోస్టాండులో, రైల్వే గేటు దగ్గర జబ్బు సంగతి చెప్పి మీ నంబరివ్వండి. పరువనుకుని దాచొద్దు. ప్రభుత్వ వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 కూడా రాసిపెట్టుకోండి.

పునాది పడకముందే ప్లాన్ ఫొటో పంపండి, చూస్తాను.