ఆ టెక్‌నెట్ కీ కొనకండి
బ్రదర్, క్లయింట్ వాళ్ల సర్వర్ మార్చేముందు పరీక్షించుకోవాలని, మీ గుంటూరులో ఎవరో చవకగా "టెక్‌నెట్ కీ" ఇస్తానంటున్నారని రాశారు. వద్దు. టెక్‌నెట్ అంటే పరీక్షించుకోవడానికి సాఫ్ట్‌వేర్లు, వాటిని యాక్టివేట్ చేసే కీలు ఇచ్చిన మైక్రోసాఫ్ట్ చందా. మైక్రోసాఫ్ట్ దాని అమ్మకాలను 2013 ఆగస్టు 31తోనే ఆపేసింది. ఇప్పుడు ఆ పేరుతో ఎవరు అమ్మినా అనుమానించాల్సిందే.

దాని బదులు, ట్రయల్ సాఫ్ట్‌వేర్లు ఇచ్చే మైక్రోసాఫ్ట్ ఇవాల్యుయేషన్ సెంటర్ సైట్‌లో విండోస్ సర్వర్ ఉచితంగా దొరుకుతుంది, 180 రోజులు పనిచేస్తుంది. ఇన్‌స్టాల్ చేశాక మొదటి 10 రోజుల్లోపు నెట్‌కు కలిపి యాక్టివేట్ చేయండి, లేదంటే దానంతటదే షట్‌డౌన్ అవుతూ ప్రాణం తీస్తుంది. విండోస్ 11 ఎంటర్‌ప్రైజ్‌కి 90 రోజులే. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి మాత్రం టెన్షన్ లేదు: డెవలపర్ ఎడిషన్ 2016 నుంచి ఉచితం, గడువు కూడా లేదు. క్లయింటు అసలు లెక్కలు దాని మీద నడపకూడదు, అంతే.

అన్నీ హైపర్-వీలో (ఒకే కంప్యూటర్‌లో వేరే కంప్యూటర్లను నడిపే విండోస్ సదుపాయం) పెట్టుకోండి. ల్యాప్‌టాప్‌లో విండోస్ హోమ్ ఉంటే అది రాదు, అదే పని చేసే వర్చువల్‌బాక్స్ వాడండి. టెక్‌నెట్‌లో ఉన్న సుఖం, అంటే గడువు లేని కీలు, ఇందులో లేదు నిజమే. గడువు తీరాక ఈ పరీక్షల ల్యాబ్ మళ్లీ కట్టుకోక తప్పదు కాబట్టి, సెటప్ మొత్తాన్ని ఇప్పుడే పవర్‌షెల్ (విండోస్ కమాండ్ల టూల్) స్క్రిప్టుగా రాసి పెట్టుకోండి.